ఐదు శ్రుతికి పిసరంత పైన

మాధవధార సబ్‌స్టేషన్‌కి ఫిర్యాదు
ఇన్‌లాండ్ లెటర్ మీద వచ్చింది, సిరాతో.
"మీ ట్రాన్స్‌ఫార్మరు ఐదు శ్రుతికి పిసరంత పైన మోగుతోంది.
ఐదుకైనా దించండి, ఐదున్నరకైనా ఎక్కించండి.
మధ్యలో వేలాడుతుంటే ప్రాణం పోతోంది.
ఇట్లు, ఆకొండి వారిజాక్షి, వీణ టీచరు,
ఎదురు బిల్డింగు, రెండో అంతస్తు."

ఆఫీసులో అందరూ నవ్వుకుని
ఫైలు నా బల్ల మీద పడేశారు.
మోతల్ని లెక్కగట్టడం నా ఉద్యోగం.

జవాబు రాద్దామని కూచున్నాను:
అమ్మా, అది నా చేతిలో లేదు.
లోపల ఉక్కురేకుల దొంతర ఉంటుంది,
ఒక్కోటి శుభలేఖ అట్టంత మందం.
అయస్కాంతం సెకనుకి యాభైసార్లు
అటు తిరిగి ఇటు తిరుగుతుంది.
ఎటు తిరిగినా ఉక్కుకి తెలిసింది ఒకటే,
ఒళ్ళు విరుచుకోవడం.
అందుకని యాభై కాదు, వంద.
ఆ వంద మాధవధారది కాదు,
దేశమంతా ఒకే తీగకి కట్టుకున్న వంద.
దాన్ని వెంట్రుకవాసి జరపలేను.
మహా అయితే గొంతు తగ్గించగలను.

పోస్టు చెయ్యలేదు.

మోడల్ కట్టాను.
కోరు, చుట్లు, నూనె, ట్యాంకు గోడలు, రేడియేటరు రెక్కలు
అన్నిటి మీదా వల పరిచాను,
ఫిషింగ్ హార్బర్లో వల బాగుచేసేవాళ్ళలా
కన్ను కన్నూ తడుముకుంటూ,
ఆరు లక్షల కళ్ళు.
రాత్రంతా ఆయాసపడి కంప్యూటరు తెల్లారి చెప్పింది:
యాభైఎనిమిది డెసిబెళ్ళు.
కంచె దగ్గర మీటరు: అరవైఆరు.

ఎనిమిది కొసరు కాదు.
నూనె సాంద్రత మార్చాను. బిగింపులు మార్చాను.
ఉక్కు అమ్మినవాడి కాగితాన్ని అనుమానించాను.
యాభైతొమ్మిది.
యాభైఏడున్నర.
మళ్ళీ యాభైఎనిమిది.

ఆపరేటర్ గౌరీసు మూడ్రోజులు చూసి చూసి
వెదురుముక్క ఒకటి తెచ్చాడు.
ఒక కొస ట్యాంకుకి, ఒక కొస చెవికి.
పుచ్చకాయ కొనేవాడి మొహంతో
నాలుగు మూలలూ తిరిగొచ్చాడు.
"ఏటమ్మా, నీ బొమ్మలో దీనికెన్ని కాళ్ళు?"
నాలుగు.
"నాలుగూ నేల మీదే ఉన్నాయా?"
ఉన్నాయి. కదలవు అని రాశాను.
"అక్కడే నెగ్గిందది నిన్ను. కొండవేపు కాలు సూడు."

వంగాను.
పోయిన వానల్లో కొండ ఎర్రమట్టి జారినప్పుడు
పునాది ఆ మూల కుంగింది.
కాలికీ సిమెంటుకీ మధ్య
పర్సులోంచి పాత బస్సు టికెట్టు తీసి దూర్చాను.
దూరింది.
అటువైపు నుంచి లాగాను. వచ్చింది.
ఇరవై టన్నులు
మూడు కాళ్ళ మీద నిలబడి
నాలుగోదాంతో తాళం వేస్తోంది.

మోడల్లో ఆ కాలు వదిలేశాను.
అరవైఐదున్నర.
అంత సంతోషం, అంత సిగ్గు
ఒకే అంకెలో రావడం నాకదే మొదలు.

ఆదివారం ఉదయం ఆరింటికి లైను తీశారు.
మోత ఆగింది.
ఏదో కింద పడినట్టు
అందరం ఒకసారి అటూ ఇటూ చూసుకున్నాం.
మర్రిపాలెం వైపు గూడ్సుబండి,
పెట్టెలు లెక్కపెట్టుకోవచ్చు.
గౌరీసు మనుషులు జాకీ ఎత్తి
ఇనుప పలకా రబ్బరు మెత్తా తోస్తున్నారు.

అప్పుడు రెండో అంతస్తులోంచి
మంద్ర తీగ, ఒక్కసారి.
ఆగి మళ్ళీ ఒకసారి,
చీకట్లో లేని మెట్టు కోసం కాలు చాపినట్టు.

నా చేతిలో మీటరు ఆన్‌లోనే ఉంది.
ఫ్యాన్లు లేవు, మోటార్లు లేవు,
కాలనీ మొత్తానికి కరెంటే లేదు.
తెర మీద ఒక్క గీత నిలబడింది:
వంద.

ఏనాటి నుంచి కట్టుకుందో ఆ తీగ.

"ఏటమ్మా, ఇంకా మోగతందా?"
కిందనుంచి గౌరీసు.
మనది కాదులే, బిగించు
అని మీటరు ఆపేశాను.